స్కాట్లాండ్ పార్లమెంటులో ప్రభుత్వాన్ని ప్రశ్నించడం: సేవలు, డబ్బు, జవాబులు (తరచుగా అడిగే ప్రశ్నలు)

గ్లాస్గో, ఎడిన్‌బరో, అబర్డీన్, డండీ నగరాల్లో చదువుకోవడానికో, ఉద్యోగానికో వచ్చి ఉంటున్న తెలుగువాళ్లకు ఆసుపత్రి అపాయింట్‌మెంట్ దగ్గర నుంచి జీతంలో కోత దాకా రోజూ తగిలే చాలా విషయాలు లండన్‌లో కాక స్కాట్లాండ్ పార్లమెంటు ఉన్న హోలీరూడ్‌లో తేలతాయి. అక్కడి ప్రభుత్వాన్ని సభ్యులు ఎలా నిలదీస్తారు, ఆ ప్రశ్నల్లో మీ సమస్య ఎలా చేరుతుంది, లెక్కల్లో ఎక్కడ పొరపాటు పడతాం అనేవే ఈ ప్రశ్నలు.

బ్రిటన్‌కు పార్లమెంటు ఉండగా స్కాట్లాండ్‌కు మరొకటి ఎందుకు? అది ఏ విషయాల మీద ప్రశ్నించగలదు?

1998 నాటి స్కాట్లాండ్ చట్టంతో ఈ పార్లమెంటు ఏర్పడింది. 1999 మే 6న తొలి ఎన్నికలు జరిగాయి, జులై 1న అధికారాలు చేతికొచ్చాయి. ఆరోగ్యం, బడులు, పోలీసులు, కోర్టులు, ఇళ్లు, స్థానిక కౌన్సిళ్లు, రోడ్లు, కొన్ని పన్నులు, కొన్ని సంక్షేమ చెల్లింపులు దీని పరిధిలోకి వస్తాయి.

మన దగ్గర కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడున్నాయి. మూడింటిలోనూ లేనిది కేంద్రానికి పోతుంది. స్కాట్లాండ్‌లో ఇది తిరగబడి ఉంటుంది. లండన్ తన దగ్గర అట్టిపెట్టుకున్న అంశాలనే చట్టం 5వ షెడ్యూల్‌లో రాశారు, అందులో లేనిదంతా స్కాట్లాండ్‌దే. కాబట్టి ఒక అంశం ఎవరిదన్న అనుమానం వస్తే ముందు చూడాల్సింది ఆ షెడ్యూల్‌నే.

నా వీసా ఆలస్యం గురించి ఎంఎస్పీ (స్కాట్లాండ్ పార్లమెంటు సభ్యుడు) ప్రశ్న వేయగలరా?

వేసినా ఫలితం ఉండదు. వలస, పౌరసత్వం, రక్షణ, విదేశాంగం లండన్ చేతిలో ఉన్నాయి. వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి కూడా అంతే. 2024 ఫిబ్రవరి నుంచి అది పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు 776 పౌండ్లు. ఇలాంటి వాటికి లండన్ పార్లమెంటులో ఉండే మీ నియోజకవర్గ ఎంపీకి రాయాలి.

అయితే ఆ సర్‌చార్జి కట్టి వచ్చాక స్కాట్లాండ్‌లో మీకు అందే వైద్యం మాత్రం స్కాట్లాండ్ ప్రభుత్వ బాధ్యతే. డాక్టరు దగ్గర పేరు నమోదు కాకపోయినా, స్పెషలిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చినా అది ఎంఎస్పీ పని. ఒకే ఉత్తరంలో రెండూ కలిపి రాస్తే సగానికే జవాబొస్తుంది. విడివిడిగా రాయండి.

నాకు ఎంఎస్పీ ఎవరు?

ఒక్కరు కాదు, ఎనిమిది మంది. సభలో మొత్తం 129 మంది. వారిలో 73 మంది నియోజకవర్గాల నుంచి, 56 మంది ఎనిమిది ప్రాంతాల నుంచి (ప్రాంతానికి ఏడుగురు) వస్తారు. మీ నియోజకవర్గ సభ్యుడు ఒకరు, మీ ప్రాంత సభ్యులు ఏడుగురు, ఎవరికైనా రాయొచ్చు. నియోజకవర్గ సభ్యుడు అధికార పార్టీ వారైతే ప్రతిపక్షం నుంచి ఒక ప్రాంత సభ్యుడిని ఎంచుకోవడం మామూలే. ఎనిమిది మందికీ ఒకే ఉత్తరం పంపడం మాత్రం మంచిది కాదు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని అందరూ వదిలేసే ప్రమాదం ఉంది. ఒకరిని ఎంచుకుని, మీ చిరునామా, పోస్ట్‌కోడ్ రాసి పంపండి. ఆ ప్రాంతంలో ఉంటున్నారని తేలనిదే వాళ్ల కార్యాలయం పని మొదలుపెట్టదు.

చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకు 16 ఏళ్లు నిండితే ఈ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారికి కూడా. తెలియక చాలామంది నమోదు చేసుకోవడం లేదు. ఓటు లేకపోయినా ఎంఎస్పీ సాయం అడగొచ్చు.

సభలో ప్రశ్నలు ఎన్ని రకాలు?

అందరూ టీవీలో చూసేది గురువారం మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత) ప్రశ్నల సమయం. సుమారు 45 నిమిషాలు సాగుతుంది. ప్రతిపక్ష నాయకులు ముందు, తర్వాత ఇతర సభ్యులు అడుగుతారు. దానికి ముందు 20 నిమిషాలు సాధారణ ప్రశ్నలుంటాయి.

శాఖల వారీ ప్రశ్నలు వేరు. ఆరోగ్యం ఒక వారం, విద్య ఇంకో వారం, ఇలా వంతులవారీగా వస్తాయి. ఎవరు అడగాలన్నది చీటీ తీసి తేలుస్తారు, ఒక్కో శాఖకు ఎనిమిది ప్రశ్నలు. మొదటి ప్రశ్న ముందే సభా కార్యక్రమాల పత్రమైన బిజినెస్ బులెటిన్‌లో అచ్చవుతుంది కాబట్టి మంత్రి కాగితం చూసి చదివేస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చే అనుబంధ ప్రశ్న దగ్గరే, అదేమిటో మంత్రికి ముందు తెలియదు. మన శాసనసభల్లో నక్షత్ర గుర్తు ప్రశ్న చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

మంగళవారం తాజా అంశాల మీద ప్రశ్నలుంటాయి. ఆ రోజే ఏదైనా పెద్ద సంఘటన జరిగితే అత్యవసర ప్రశ్నకు ప్రిసైడింగ్ ఆఫీసర్ (మన స్పీకర్ లాంటివారు) అనుమతి ఇవ్వొచ్చు.

ఇవన్నీ మౌఖికం. నిజంగా పని జరిగేది రాతపూర్వక ప్రశ్నల్లో.

రాతపూర్వక ప్రశ్నకు అంత విలువ ఎందుకు?

సభలో మంత్రి ఒక నిమిషంలో చెప్పే జవాబులో అంకె ఉంటే ఒకటుంటుంది. రాతపూర్వక జవాబులో ఆరోగ్య బోర్డుల వారీగా, ఏళ్ల వారీగా పట్టికే వస్తుంది. అది శాశ్వతంగా రికార్డులో ఉంటుంది, ఎవరైనా వెతికి తీయొచ్చు. పత్రికల్లో వచ్చే "ప్రభుత్వ లెక్కల ప్రకారం" అన్న వార్తల్లో చాలావాటికి మూలం ఇదే.

ప్రతి ప్రశ్నకూ ఒక సంఖ్య ఉంటుంది. ఎస్6డబ్ల్యూ అని మొదలైతే 2021లో ఎన్నికైన ఆరో సభలో వేసిన రాతపూర్వక ప్రశ్న అని అర్థం. డబ్ల్యూ బదులు ఓ ఉంటే మౌఖికం, ఎఫ్ ఉంటే ఫస్ట్ మినిస్టర్‌కు, టీ ఉంటే తాజా అంశం. ఉత్తరప్రత్యుత్తరాల్లో ఆ సంఖ్య రాస్తే పని త్వరగా అవుతుంది.

మీ సమస్య రాతపూర్వక ప్రశ్నగా ఎలా మారుతుంది? జవాబుకు ఎన్నాళ్లు పడుతుంది?

మీరు నేరుగా ప్రశ్న వేయలేరు, సభ్యుడే వేయాలి. మీ ఉత్తరం అందాక ఎంఎస్పీ కార్యాలయం సాధారణంగా ముందు సంబంధిత బోర్డుకో కౌన్సిల్‌కో లేఖ రాస్తుంది. అది మీ ఒక్కరి సమస్య అయితే అక్కడితో తేలిపోవాలి. మీలాగే చాలామందికి జరుగుతోందని అనిపించినప్పుడే ప్రశ్న పనికొస్తుంది. వ్యక్తి పేరుతో, కేసు వివరాలతో ప్రశ్న వేయించుకోవాలని చూడకండి, అది అందరికీ కనబడే రికార్డు.

ప్రశ్నను ఛాంబర్ డెస్క్‌లో దాఖలు చేస్తారు. అక్కడి సిబ్బంది నిబంధనలకు సరిపోతుందో లేదో చూసి, అవసరమైతే పదాలు సరిచేయమంటారు. జవాబు మామూలుగా 10 పనిదినాల్లో రావాలి, దీర్ఘ విరామాల్లో వేస్తే 20. గడువు లోపల పూర్తి సమాధానం సిద్ధం కాకపోతే "వీలైనంత త్వరలో జవాబిస్తాం" అని ఒక తాత్కాలిక జవాబు పెడతారు. అది వచ్చిందని ప్రశ్న ముగిసినట్టు కాదు. రెండు వారాలు ఆగి, ఏమైందని మీ ఎంఎస్పీని గుర్తుచేయండి.

ఏ ప్రశ్నలు తిరస్కరిస్తారు?

స్కాట్లాండ్ మంత్రుల బాధ్యతలో లేని అంశమైతే తిరస్కరిస్తారు. ప్రశ్నలో అభిప్రాయం దూర్చినా, కోర్టు విచారణలో ఉన్న విషయంలో వేలుపెట్టినా, గత ఆరు నెలల్లో ఇచ్చిన సమాచారాన్నే మళ్లీ అడిగినా అంతే. ఎక్కువగా దెబ్బతినేది అభిప్రాయం దగ్గర. కోపంలో రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ప్రశ్నగా పెట్టడం కుదరదు.

పనికొచ్చే జవాబు రావాలంటే ప్రశ్న ఎలా రాయాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఒక ఉదాహరణ చూడండి.

"గ్లాస్గోలో కంటి ఆపరేషన్లకు ఇంత ఆలస్యం ఎందుకు జరుగుతోంది?" అని అడిగితే వచ్చే జవాబు ఊహించొచ్చు. మహమ్మారి ప్రభావం, ప్రభుత్వ నిబద్ధత, కేటాయించిన నిధులు అంటూ మూడు పేరాలు వస్తాయి, అంకె ఒక్కటీ ఉండదు.

దాన్నే ఇలా మార్చండి: "2022–23 నుంచి ఒక్కో ఆర్థిక సంవత్సరం చివరి రోజున, శుక్లం ఆపరేషన్‌కు ఒప్పుకుని ఎదురుచూస్తున్నవారు ఎందరు, వారిలో 12 వారాలు, 26 వారాలు, 52 వారాలు దాటినవారు ఎందరు, ఆరోగ్య బోర్డుల వారీగా తెలపాలని స్కాట్లాండ్ ప్రభుత్వాన్ని అడుగుట." ఇందులో తప్పించుకోవడానికి చోటు తక్కువ.

ఎందుకు 12 వారాలు? 2011 నాటి రోగుల హక్కుల చట్టం ప్రకారం, ఆసుపత్రిలో చేరి గానీ, అదే రోజు ఇంటికి వెళ్లేలా గానీ చేయించుకునే చికిత్సకు రోగి ఒప్పుకున్న రోజు నుంచి 12 వారాల్లోగా అది మొదలుకావాలి. ఇది ఒట్టి లక్ష్యం కాదు, చట్టంలో రాసిన హామీ. అత్యవసర విభాగానికి వేరే ప్రమాణముంది: వచ్చినవారిలో 95 శాతం మందిని నాలుగు గంటల్లో చేర్చుకోవాలి, వేరే చోటికి పంపాలి, లేదా ఇంటికి పంపాలి. క్యాన్సర్‌కు అనుమానంతో రిఫర్ చేసిన రోజు నుంచి 62 రోజుల్లో చికిత్స మొదలుకావాలి, ఇదీ 95 శాతానికి. ప్రశ్నలో ఏ ప్రమాణం ప్రకారం కొలవాలో చెప్పకపోతే, తమకు అనుకూలమైన దాన్ని అధికారులు ఎంచుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. "ఎదురుచూపు ఎంత?" అన్న దానికి రెండు లెక్కలున్నాయి. చికిత్స పూర్తయినవారు ఎన్నాళ్లు ఆగారన్నది ఒకటి, ఇప్పటికీ వరుసలో ఉన్నవారు ఎన్నాళ్లుగా ఆగుతున్నారన్నది రెండోది. మొదటిదాంట్లో రెండేళ్లుగా పిలుపు రానివాళ్లు అసలు కనిపించరు. ఆసుపత్రులు తేలిక కేసులను ముందు ముగిస్తే ఆ లెక్క బాగుపడుతుంది, వరుస మాత్రం పెరుగుతూనే ఉంటుంది. రెండూ విడివిడిగా అడగాలి.

సగటు అడగడం కూడా తప్పే. సగటు కిందికి దిగినా ఏడాది దాటి ఆగినవారు పెరగొచ్చు. మధ్యస్థం (అందరినీ వరుసలో పెడితే సరిగ్గా నడిమి వ్యక్తి ఆగిన కాలం), దానితో పాటు చివరి పది శాతం మంది ఎంత ఆగారన్నది అడిగితే బొమ్మ తేటపడుతుంది.

"ఆ వివరాలు ప్రభుత్వం దగ్గర ఒకచోట లేవు" అని జవాబొచ్చింది. ఇంక అంతేనా?

కాదు. ప్రభుత్వం దగ్గర లేకపోయినా వేరే ఎవరి దగ్గరో ఉండొచ్చు. 14 ప్రాంతీయ ఆరోగ్య బోర్డులున్నాయి, 32 కౌన్సిళ్లున్నాయి. "ఇది బోర్డు నిర్వహణ విషయం", "ఇది కౌన్సిల్ నిర్ణయం" అన్న జవాబులు కూడా ఇదే కోవ. అప్పుడు రెండు దారులు.

ఒకటి, ప్రశ్నను తిప్పి అడగడం. "ఎన్ని జరిగాయి?" బదులు "ఈ సమాచారం బోర్డుల నుంచి ఎందుకు సేకరించడం లేదు, ఇకపై సేకరిస్తారా?" అంటే మంత్రి తన బాధ్యత గురించే జవాబివ్వాలి.

రెండోది సమాచార హక్కు. స్కాట్లాండ్‌కు 2002లో చేసిన సొంత చట్టం ఉంది, 2005 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దరఖాస్తుకు రుసుము లేదు, ఫారం లేదు, ఈమెయిల్ చాలు. స్కాట్లాండ్‌లో ఉండనక్కర్లేదు, విజయవాడ నుంచైనా పంపొచ్చు. 20 పనిదినాల్లో జవాబివ్వాలి. రాకపోయినా, నచ్చకపోయినా 40 పనిదినాల్లోగా పునఃపరిశీలన కోరాలి, ఆ తర్వాతే స్కాట్లాండ్ సమాచార కమిషనర్‌కు ఫిర్యాదు. ఆ మధ్య మెట్టు దాటవేసి నేరుగా కమిషనర్‌కు రాస్తే తిప్పి పంపుతారు. సమాచారం తీయడానికి 600 పౌండ్ల కన్నా ఎక్కువ ఖర్చవుతుందని తేలితే నిరాకరించొచ్చు కాబట్టి, పదేళ్ల వివరాలు ఒకేసారి అడగకుండా రెండేళ్లవి అడగండి.

మంత్రి సభలో తప్పు అంకె చెబితే?

తెలియక జరిగిన తప్పును వీలైనంత త్వరగా సరిదిద్దుకోవాలని మంత్రుల నియమావళి చెబుతుంది. తెలిసి సభను తప్పుదోవ పట్టిస్తే రాజీనామా సమర్పించాలి. సభలో మాట్లాడిందంతా అధికారిక నివేదికలో మాట మాటా నమోదవుతుంది, సవరణ వస్తే అది కూడా అక్కడే కనిపిస్తుంది. ప్రిసైడింగ్ ఆఫీసర్ మాత్రం జవాబు నిజమా కాదా అని తేల్చరు, అది ఆ పదవి పని కాదు. ఆ తేల్చే బాధ్యత తర్వాతి ప్రశ్న వేసే సభ్యుడిదే.

స్కాట్లాండ్ ప్రభుత్వానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఏడాదికి 6,000 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చుచేసే ప్రభుత్వమిది. అందులో పెద్ద వాటా లండన్ నుంచి ఏకమొత్తంగా వచ్చే బ్లాక్ గ్రాంటు. అది ఏటా ఎంత మారాలో బార్నెట్ సూత్రం చెబుతుంది. 1970ల చివర్లో బ్రిటన్ ఖజానా మంత్రిగా ఉన్న జోయెల్ బార్నెట్ పేరు దానికి వచ్చింది.

ఇంగ్లండ్‌లో ఆరోగ్యానికి 100 కోట్ల పౌండ్లు అదనంగా కేటాయించారనుకుందాం. స్కాట్లాండ్ జనాభా ఇంగ్లండ్ జనాభాలో పదో వంతుకు కాస్త తక్కువ. ఆ లెక్కన దాదాపు 9.5 కోట్ల పౌండ్లు స్కాట్లాండ్‌కు చేరతాయి. అయితే ఆ సొమ్మును ఆరోగ్యానికే పెట్టాలన్న షరతు లేదు. "లండన్ ఆరోగ్యానికి ఇచ్చిన డబ్బు ఎక్కడికి పోయింది?" అన్న ప్రశ్న సభలో తరచూ వినబడుతుంది, దానికి చట్టపరమైన బలం లేదు. "అదనంగా వచ్చిన మొత్తంలో ఎంత ఆరోగ్యానికి ఇచ్చారు, మిగతాది దేనికి?" అంటే అది సరైన ప్రశ్న.

ఆదాయపు పన్ను ఇక్కడ ఎక్కువ కదా, మరి ఆ అదనమంతా స్కాట్లాండ్‌కే మిగులుతుందా?

పొరపాటు పడేది ఇక్కడే. జీతం మీద పన్ను రేట్లు, శ్లాబులు హోలీరూడ్ నిర్ణయిస్తుంది. 2025–26లో ఆరు శ్లాబులు: 19, 20, 21, 42, 45, 48 శాతం. 42 శాతం 43,662 పౌండ్లు దాటగానే మొదలవుతుంది, ఇంగ్లండ్‌లో 40 శాతం 50,270 దాటాకే. ఆ రెండు గీతల మధ్య జీతం ఉన్న ఎడిన్‌బరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, జీతంలోంచి కోసే నేషనల్ ఇన్సూరెన్స్ 8 శాతం కూడా కలిపితే, అదనంగా సంపాదించే ప్రతి పౌండులో సగం పోతుంది. ఇన్సూరెన్స్ మాత్రం లండన్ అధికారం.

పన్ను అధికారం ఇచ్చినందుకు లండన్ బ్లాక్ గ్రాంటులోంచి కొంత కోస్తుంది. బ్రిటన్‌లోని మిగతా ప్రాంతంలో తలసరి పన్ను ఎంత వేగంగా పెరిగిందన్న దాన్ని బట్టి ఆ కోత పెరుగుతుంది. కాబట్టి స్కాట్లాండ్‌కు మిగిలేది వసూలైన మొత్తం కాదు, వసూలుకూ కోతకూ ఉన్న తేడా. రేట్లు పెంచినా, ఇక్కడి జీతాలు అక్కడి కన్నా నెమ్మదిగా పెరిగితే ఆ తేడా తగ్గిపోతుంది.

ఇంకా ఒక మెలిక. బడ్జెట్‌లో రెండూ అంచనాలే. అసలు వసూలు లెక్క ఆర్థిక సంవత్సరం ముగిసి ఏడాది దాటాక గానీ రాదు, ఆ సర్దుబాటు మూడేళ్ల తర్వాతి బడ్జెట్‌లో పడుతుంది. 2021–22 లెక్క తేలాక 39 కోట్ల పౌండ్లు 2024–25 బడ్జెట్‌లోంచి పోయాయి. 2022–23 లెక్క 2025–26కు 44.7 కోట్లు తెచ్చిపెట్టింది. సభలో ఈ ఏడాది లోటుకు ఈ ఏడాది మంత్రినే నిందించే ముందు, అందులో సర్దుబాటు వాటా ఎంతో అడగాలి. ఈ అంచనాలు వేసేది స్వతంత్ర సంస్థ అయిన స్కాటిష్ ఫిస్కల్ కమిషన్, దాని పట్టికలు అందరికీ అందుబాటులో ఉంటాయి.

నిధులు పెంచామని ప్రభుత్వం అంటుంది, కోశారని ప్రతిపక్షం అంటుంది. ఇద్దరూ ఒకే కాగితం చూస్తారు. ఎలా?

మోసం లేకుండానే ఇద్దరూ నిజం చెప్పగలరు. ముందుగా ధరల సంగతి. 3 శాతం పెంచినా ధరలు 4 శాతం పెరిగితే చేతిలోకి వచ్చేది తగ్గినట్టే. ప్రశ్నలో "ద్రవ్యోల్బణం తీసేసి" అని రాయకపోతే జవాబు ధరల పెరుగుదల తీసేయని అంకెల్లోనే వస్తుంది.

దీనికన్నా లోతైనది, దేనితో పోల్చారన్నది. గత ఏడాది మొదట్లో ఆమోదించిన బడ్జెట్‌తోనా, ఏడాది మధ్యలో సవరించిన దానితోనా? శరదృతువులో ఒకసారి, వసంతంలో ఒకసారి బడ్జెట్ సవరణలు జరుగుతాయి. వాటిలో ఆరోగ్య శాఖ నుంచి కౌన్సిళ్లకు సామాజిక సంరక్షణ (వృద్ధులు, వికలాంగుల లాంటివారి సంరక్షణ) సొమ్ము ఏటా బదిలీ అవుతుంటుంది. మొదటి బడ్జెట్‌తో పోల్చితే కౌన్సిళ్లకు ఒక పెంపు కనిపిస్తుంది, సవరించిన దానితో పోల్చితే ఇంకొకటి. రెండు నిలువు వరుసలూ అడగండి.

మూడోది రెవెన్యూ, పెట్టుబడి డబ్బు తేడా. పెట్టుబడి సొమ్ముతో ఆసుపత్రి కట్టొచ్చు, నర్సుకు జీతం ఇవ్వలేరు. "మొత్తం ఆరోగ్య బడ్జెట్ పెరిగింది" అన్నప్పుడు ఆ పెంపు దేనిలో వచ్చిందో విడదీయాలి. 2025–26లో ఆరోగ్య, సామాజిక సంరక్షణ కేటాయింపు 2,100 కోట్ల పౌండ్లు దాటింది. అంత పెద్ద మొత్తంలో ఒక చిన్న పథకం ఏమైందో తెలియాలంటే, బడ్జెట్ పత్రాల్లో అతి వివరమైన నాలుగో స్థాయి పట్టికలు చూడాలి.

సభ్యులు బడ్జెట్‌ను మార్చగలరా?

సవరణలు ప్రతిపాదించే హక్కు ప్రభుత్వ మంత్రులకే ఉంది. మిగతావారు ఓడించగలరు, బేరమాడగలరు. ప్రభుత్వానికి మెజారిటీ లేనప్పుడు ఆ బేరమే అసలు చర్చ. ముసాయిదా మామూలుగా డిసెంబరులో వస్తుంది. లండన్ బడ్జెట్ 2025 నవంబరు 26కు జరగడంతో 2026–27 ముసాయిదా జనవరి 13న వచ్చింది. ఆదాయపు పన్ను రేట్లకు విడిగా తీర్మానం నెగ్గాలి, అది నెగ్గాకే బడ్జెట్ బిల్లు చివరి దశకు వెళుతుంది.

కమిటీలు ఏం చేస్తాయి? సభలో అడిగినదానికన్నా తేడా ఏమిటి?

సభలో ఒక అనుబంధ ప్రశ్నతో ఆగిపోవాలి. కమిటీలో ఒకే అధికారిని గంటన్నర కూర్చోబెట్టి అడగొచ్చు. స్కాట్లాండ్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం సాక్షులను, పత్రాలను రప్పించే అధికారం పార్లమెంటుకు ఉంది. ఆడిటర్ జనరల్ నివేదికలు పబ్లిక్ ఆడిట్ కమిటీకి వస్తాయి. మన కాగ్, ప్రజా పద్దుల కమిటీ జోడీ లాంటిదే.

ఫెర్రీల కథ చూస్తే దీని విలువ తెలుస్తుంది. 2015లో రెండు ఓడలకు 9.7 కోట్ల పౌండ్ల స్థిర ధరకు ఫెర్గూసన్ మెరైన్ అనే షిప్‌యార్డుకు పని అప్పగించారు. 2018లో రావాల్సినవి. షిప్‌యార్డు మూతబడే స్థితికి వచ్చి 2019లో ప్రభుత్వపరమైంది. మొదటి ఓడ గ్లెన్ సానక్స్ 2024 నవంబరులో చేతికొచ్చి, 2025 జనవరిలో ఆరన్ దీవికి ప్రయాణికులను ఎక్కించుకుంది. దీవుల్లో ఉండేవాళ్లకు ఫెర్రీయే బస్సు, అంబులెన్సు, సరకుల లారీ. ఏళ్ల ఆలస్యం వాళ్ల మీదే పడింది.

ఓడ పూర్తికాకపోతే కట్టిన డబ్బు తిరిగొచ్చే పూర్తి గ్యారంటీ లేకుండా కాంట్రాక్టు ఎందుకు ఇచ్చారన్నది కీలకమైన ప్రశ్న. ఆ రిస్కును మంత్రులు ఎందుకు ఒప్పుకున్నారో చెప్పే పత్రాలు సరిపడా లేవని 2022 మార్చిలో ఆడిటర్ జనరల్ తేల్చారు. అది కమిటీలో ప్రశ్నల మీద ప్రశ్నలకు దారితీసింది. "ఎంత ఖర్చయింది?" అని అడిగినంత కాలం రాని విషయం, "ఆ నిర్ణయం ఎవరు, ఏ రోజున, ఏ సలహా మీద తీసుకున్నారు, ఆ కాగితం చూపండి" అన్నాక బయటికొచ్చింది.

ఏ ఎంఎస్పీ పట్టించుకోకపోతే?

పిటిషన్ పెట్టొచ్చు. ఒక్క సంతకం చాలు, వేలల్లో అక్కర్లేదు. వ్యక్తిగత వివాదం కాకుండా, విధానం మార్చమని అడిగేదై ఉండాలి, స్కాట్లాండ్ ప్రభుత్వం చేయగలిగేదై ఉండాలి. పిటిషన్ల కమిటీ ప్రభుత్వానికి లేఖ రాసి జవాబు తెప్పిస్తుంది, అది పిటిషన్ పక్కనే ప్రచురితమవుతుంది. పెట్టే ముందు ఎవరికి ఏమి రాశారో, ఏ జవాబొచ్చిందో మీ దగ్గర సిద్ధంగా ఉంచుకోండి. ఫారంలో ఆ వివరం అడుగుతారు.

వచ్చిన జవాబులు ఎక్కడ చూడాలి?

పార్లమెంటు వెబ్‌సైటులో ప్రశ్నలు, జవాబులు అన్న విభాగంలో పదంతో, సభ్యుడి పేరుతో, తేదీతో వెతకొచ్చు. సభ మాటలు ఆ సాయంత్రమే అధికారిక నివేదికలో వస్తాయి. కొత్త ప్రశ్న అడిగించే ముందు అక్కడ ఒకసారి వెతకండి. మీకు కావలసిన పట్టిక ఇంకో సభ్యుడు రెండు నెలల కిందటే రప్పించి ఉండొచ్చు. అప్పుడు మీ ఎంఎస్పీని ఆ జవాబు సంఖ్య చెప్పి తర్వాతి ప్రశ్నే వేయమనండి.